కార్డు అక్కర్లేదన్న ఓనరమ్మ

మా ఓనరమ్మ చనిపోయింది.

సైదాబాద్‌లో నేను పనిచేసే బడిలో కంప్యూటర్ ల్యాబు తాళం తీస్తుంటే ఫోన్ మోగింది. ఆమె ఇంటి పై పోర్షన్‌లో ఇప్పుడు కిరాయికి ఉంటున్న అమ్మాయి. "అక్కా, ఆంటీ ఇంక లేదక్కా. పొద్దుగాల పాలు తీస్కోలేదని పోయి చూస్తే, నిద్రలనే పోయింది" అంది. ఇంకా ఏదో చెబుతోంది గానీ నాకు వినపడలేదు. తాళంచెవి తలుపుకే వదిలేసి మెట్టు మీద కూర్చుండిపోయాను. పిల్లలు వరసగా వచ్చి నా ముందు నిలబడ్డారు. కాసేపటికి లేచి తలుపు తీసి, ఆ పీరియడ్ పాఠం చెప్పాకే బయల్దేరాను. చెప్పకుండా వచ్చానంటే ఆమె ఊరుకునేది కాదు.

ఆమెకు 'గారు' అని పిలిపించుకోవడం గిట్టేది కాదు. "ఆ గారూ గీరూ ఆఫీసులోనే వదిలేసి వచ్చాను" అనేది. అందుకే ఇక్కడ కూడా మా ఇంట్లో ఎట్లా అనుకునేవాళ్లమో అట్లాగే రాస్తున్నాను. చదివేవాళ్లు అగౌరవం అనుకోవద్దు.

ఎల్బీనగర్‌లో, రింగ్ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఆమె ఇంటి పై పోర్షన్‌లో మేము చాలా ఏళ్లు ఉన్నాం. మాది నల్లగొండ వైపు పల్లె. నాన్న ఆటో నడిపేవాడు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. అమ్మ ఇంట్లో మిషన్ మీద బ్లౌజులు కుట్టేది. ఓనరమ్మది కృష్ణా జిల్లా. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో టెక్నికల్ పని చేసి రిటైరైంది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. కింద ఒక్కతే ఉండేది గానీ ఆ ఇల్లు ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టు అనిపించేది కాదు. వీధిలో ఎవరి మిక్సీ పాడైనా, ఎవరి టీవీలో బొమ్మ రాకపోయినా ముందు ఆమె గుమ్మం తొక్కేవాళ్లు.

ఆమె ఏ వస్తువునైనా బాగుచేసే ముందు చెవి ఆనించి వినేది. ఫ్యాను కింద నిలబడి కళ్లు మూసుకుని వినేది. మోటారు దగ్గర చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని కూర్చుని వినేది. "ఏవమ్మా, ఏవిటి నీ బాధ?" అని దాన్నే అడిగేది. తర్వాతే చెయ్యి వేసేది. "ఇది పోయింది, కొత్తది కొనుక్కోండి" అని ఎవరైనా అంటే మాత్రం ఆమెకు ఒళ్లు మండేది. "ముందు ఎక్కడ తెగిందో చూడండి, తర్వాత కొనుక్కోండి" అనేది. ఎక్స్ఛేంజీలో ఉన్నంతకాలం ఆమె చేసిన పని అదేనట. ఫోన్ పని చెయ్యడం లేదని కంప్లయింట్ వస్తే తప్పు లైన్లో ఉందా, ఇంట్లో ఉన్న ఫోన్లో ఉందా, తమ దగ్గరే ఉందా అన్నది తేల్చకుండా ఏ వైరునూ ముట్టుకోకూడదు.

ఇవన్నీ ఆమెను ఎరిగిన వాళ్లందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది తెలంగాణ కోసం ఊరూ వాడా రోడ్డు మీదికి వచ్చిన రోజుల్లో జరిగిన ఒక సంగతి. మా అమ్మ గొంతుకు సంబంధించింది.

అమ్మ పాడేది. చిన్నప్పుడు నాట్లలో, కలుపు తీతలో పాడిన గొంతు. ఉద్యమం ఊపందుకున్నాక మా ఊరి వైపు వాళ్లతో కలిసి ఆదివారాలు ఆటపాటలతో సాగే ధూంధాం సభలకు వెళ్లేది. స్టేజీ మీద అమ్మ మైకు పట్టుకోదు. కొంచెం దూరంగా నిలబడి, కొంగు నడుముకు చెక్కుకుని గొంతెత్తేది. మైకు లేకుండానే వెనక వరస దాకా పోయేది ఆ గొంతు. తర్వాత మెడ దగ్గర గడ్డ వచ్చింది. దవాఖానలో ఆపరేషన్ చేశారు. గొంతుకు ఇబ్బంది కావచ్చని డాక్టర్లు ముందే చెప్పారు, అట్లాగే అయింది. అమ్మ బతికి బయటపడింది గానీ మాట గుసగుసలా మిగిలింది. వంటింట్లోంచి నన్ను పిలవాలంటే గిన్నె మీద గరిటెతో కొట్టేది. పాట ఊసే ఎత్తేది కాదు. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర వేసిన దీక్షా టెంటు వైపు వెళ్లడం కూడా మానేసింది. అంతకుముందు రోజూ పోయి కూర్చునేది.

అదే కాలంలో కింది ఇంటికీ మాకూ మధ్య రాకపోకలు తగ్గాయి. గొడవేమీ జరగలేదు. ఒకరోజు ర్యాలీలో పోతున్న కుర్రాళ్లు కొందరు మా వీధిలో ఆగి, ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని అరిచారు. ఓనరమ్మ గేటు దగ్గర మొక్కలకు నీళ్లు పోస్తోంది. పైపు కింద పడేసి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. అమ్మా నేనూ పైనుంచి చూశాం. దిగి వెళ్లి ఏమనాలో అమ్మకు తెలియలేదు. పైకి వచ్చి ఏమనాలో ఆమెకూ తెలియలేదు. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే ఇద్దరూ అప్పటినుంచి ఎదురుపడితే తలూపి పక్కకు తప్పుకునేవాళ్లు.

ఒక సాయంత్రం టెంటు బాధ్యతలు చూసే యాదన్న మా ఇంటికి వచ్చాడు. "అక్కా, ఎల్లుండి బంద్. ఆ రోజు పొద్దుగూకంగ టెంటు కాడ పెద్ద ధూంధాం పెడుతున్నం. నువ్వొచ్చి గా కాలువ పాట పాడాలె" అన్నాడు. అమ్మ మెడ మీది చీర కొంగు పక్కకు తీసి కుట్లు చూపించింది. ఆపరేషన్ సంగతి ఆయనకు తెలియదు. తల దించుకుని నేల చూపులు చూశాడు.

నేనే అన్నాను. "అన్నా, డీవీడీ ఉన్నది. నిరుడు మా ఊరి దగ్గర సభల తీసింది. అండ్ల అమ్మ పాట మొత్తం ఉన్నది."

ఆయన ముఖం వెలిగింది. "గట్లయితె గదే ఏద్దం! ప్రొజెక్టర్ నేను తెస్త, తెర కడ్త. నువ్వు డీవీడీ తీస్కరా."

ఆ డిస్కు ఒక్కటే ఉంది. తీసిన వీడియో అతను టేపు మీద వేరే పెళ్లి తీసేశాడు. ఇంట్లో డీవీడీ ప్లేయర్లో పెడితే డిస్కే లేదని చూపించింది. పక్కింటి వాళ్ల ప్లేయరూ అంతే. ఇంటింటికీ తిరిగి రెండు మూడు కంప్యూటర్లలో పెట్టి చూశాను. ఏదీ దాన్ని గుర్తుపట్టలేదు. వీడియో వాళ్లు ఇంట్లో రాసిచ్చే డిస్కులను అన్ని డ్రైవులూ చదవలేవట. చివరికి టైపింగ్ నేర్చుకోవడానికి నేను కొనుక్కున్న పాత కంప్యూటర్లో పెడితే డిస్కు తెరుచుకుంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ పాట మొదలవగానే బొమ్మ బిగుసుకుపోయింది. అమ్మ నోరు తెరిచి అలాగే ఆగింది. కాసేపటికి ఒక ముక్క వినిపించింది, మళ్లీ ఆగింది. అమ్మ మిషన్ దగ్గర్నుంచి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఆపేశాను.

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా కోచింగ్ సెంటర్ కింద ఉన్న కంప్యూటర్ షాపులో అడిగాను. అతను మంచివాడే, ఓపికగా చెప్పాడు. "అక్కా, నీది మస్తు పాత సిస్టం. గసొంటి దాంట్ల డీవీడీ ఆడాలంటే సెపరేట్ డీకోడర్ కార్డు ఉండాలె. అది లేకుంటె ప్రాసెసర్ గుంజలేదు. ఆ కార్డులు ఇప్పుడు రావట్లేవు. కొత్త సిస్టమే తీస్కోవాలె." కొత్తది తీసుకునే స్తోమత మాకు లేదు. పైగా తెల్లవారితే బంద్, అన్ని షాపులూ మూతే.

బంద్ రోజు పొద్దున రోడ్డు మీద బస్సుల చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో నేను మళ్లీ డిస్కు పెట్టాను. మళ్లీ అదే. అమ్మ గొంతు ఒక ముక్క, ఆగడం, ఇంకో ముక్క. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. చూస్తే ఓనరమ్మ. ఎన్నో వారాల తర్వాత మా గుమ్మంలో నిలబడింది.

"మొన్నటి నుంచీ వింటున్నాను, అమ్మాయ్. ఆ ముక్కలు ముక్కలుగా వస్తున్న గొంతు మీ అమ్మదేనా?" అంది.

"అవునాంటీ."

లోపలికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, సీపీయూ డబ్బాకు చెవి ఆనించింది. నేను షాపులో విన్నదంతా చెప్పాను. అతను తప్పు చెప్పాడని ఆమె అనలేదు. "ఒకప్పుడైతే అతనన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. డీవీడీలు కొత్తగా వచ్చినప్పుడు నేనూ ఆ కార్డు వేయించుకున్నాను, నలుపు తెలుపు సినిమాలు చూద్దామని. డీవీడీలో బొమ్మని ఉన్నదున్నట్టు పెట్టరమ్మాయ్. పట్టుచీరని మడతలు పెట్టి, అదిమి చిన్న పెట్టెలో సర్దినట్టు సర్దుతారు. చూడాలంటే ఎవరో ఒకరు ఆ మడతలు విప్పాలి, అదీ గబగబా. అప్పటి ప్రాసెసర్లకి అంత సత్తువ లేదు. అందుకని మడతలు విప్పడానికే వేరే మనిషిని పెట్టుకున్నట్టు, ఆ కార్డు పెట్టుకునేవాళ్లం."

"మరి దీనికి?"

"అదే తేల్చాలి" అని లేచింది.

ముందు కిందికి వెళ్లి, అటక మీది తన పాత కంప్యూటర్లోంచి ఆ కార్డు ఊడదీసి తెచ్చింది. దుమ్ము ఊది, నా కంప్యూటర్లో గుచ్చింది. ఆన్ చేస్తే తెర మొత్తం నీలంగా మారి, తెల్ల అక్షరాలు వచ్చి ఆగిపోయింది. మళ్లీ చేసింది, మళ్లీ అంతే. "దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఆ కాలం నాటి విండోస్‌కి రాసింది. మీ దాంతో దీనికి మాటలు కలవట్లేదు" అని కార్డు తీసేసింది. దొరకదన్న కార్డు దొరికీ పనిచెయ్యకపోతే ఇంకేం చేస్తాం? అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, ఇక చాలు వదిలెయ్యమన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఓనరమ్మ వదిలెయ్యలేదు. "ఏదీ, కొంచెం కాఫీ పెట్టమ్మా" అంది అమ్మతో. వారాల తరబడి మాట్లాడుకోని ఇద్దరి మధ్యా మొదటి మాట అదే. అమ్మ గబగబా వంటింట్లోకి వెళ్లింది.

స్టీలు గ్లాసులో కాఫీ తాగుతూ ఆమె నా చేత ప్రాసెసర్ ఎంత కష్టపడుతోందో చూపించే కిటికీ తెరిపించింది. డిస్కు ఆడిస్తే అందులోని ఆకుపచ్చ గీత పైదాకా లేచి అక్కడే నిలబడింది. "చూశారా, షాపాయన చెప్పిందే నిజం" అన్నాను.

"ఉండు. ఇప్పుడు పాట ఆపెయ్యి. డిస్కులోంచి ఫైలు ఊరికే ఇటు కాపీ చెయ్యి."

చేశాను. పాట లేదు, బొమ్మ లేదు. అయినా గీత మళ్లీ పైదాకా లేచింది. ఓనరమ్మ గ్లాసు కింద పెట్టి తొడ చరిచింది.

"చూశావా! మడత ఒక్కటి కూడా విప్పకుండానే దీనికి ఆయాసం వచ్చేసింది! విప్పడం చేతకాక కాదమ్మాయ్, పెట్టె మొయ్యడంలోనే చచ్చిపోతోంది ఇది. మోత పని దీనిది కాదు. డిస్కుని తిప్పి చదివే డ్రైవే తన సరుకు తాను తెచ్చి ఇవ్వాలి. గీతలు పడ్డ డిస్కులన్నీ పెట్టి ఉంటారు దీన్ని అమ్మినవాళ్లు. చదవలేక చదవలేక డ్రైవు తప్పులు చేసింది. దాంతో విండోస్‌కి దాని మీద నమ్మకం పోయి, ఆ మోత కూడా తెచ్చి ప్రాసెసర్ నెత్తిన పెట్టింది."

ఆ తర్వాత పని చాలా చిన్నది. సెట్టింగుల్లో ఆ డ్రైవు తగిలించి ఉన్న లైను ఎక్కడుందో వెతికించి, దాన్ని తీసేయించింది. "ఉన్నదీ పోతదేమో ఆంటీ" అన్నాను. "పోదు. తిరిగి లేచినప్పుడు కొత్తగా పరిచయం చేసుకుంటుంది. పాత తప్పులు గుర్తుండవు" అంది. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాం. అది లేచి, డ్రైవును అప్పుడే మొదటిసారి చూసినట్టు గుర్తుపట్టింది. డిస్కు పెట్టాను.

పాట వచ్చింది. మొదటి నుంచి, ఒక్క చోట కూడా ఆగకుండా వచ్చింది. అమ్మ గొంతు మా చిన్న గదిలో గోడలకు తగిలి, కిటికీలోంచి వీధిలోకి పోయింది. ఆకుపచ్చ గీత సగం దగ్గర నింపాదిగా ఊగుతోంది.

"కార్డూ లేదు, గీర్డూ లేదు!" అని ఓనరమ్మ రెండు చేతులూ పైకెత్తి అరిచింది. అంతలోనే నోరు మూసుకుని పాట వినసాగింది. మేడ మీద అమ్మ కూనిరాగాలు తీయడం ఆమె వింది గానీ, అమ్మ గొంతెత్తి పాడగా ఎన్నడూ వినలేదు. పాట అయ్యాక, వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డ అమ్మ వైపు తిరిగి, "ఎంత గొంతమ్మా నీది! ఇన్నాళ్లూ నా నెత్తిన ఉండి నాకు వినిపించనే లేదు" అంది. ఆపరేషన్ తర్వాత అమ్మ తన పాట మొత్తం వినడం అదే మొదటిసారి. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వెళ్లి బీరువాలోంచి మంచి చీర తీసింది.

"ఆంటీ, మీరు గూడ రండి. ఆడికి పోయినంక మళ్ల ఆగిపోతే నాతోని కాదు" అన్నాను.

ఆమె కింద పెట్టిన కాఫీ గ్లాసు తీసి చేతిలో అటూ ఇటూ తిప్పింది. చివరికి, "రాష్ట్రం విడిపోవడం నాకిష్టం లేదు అమ్మాయ్. ఆ మాట నీ దగ్గర దాచను. కానీ మీ అమ్మ పాట సగంలో ఆగిపోవడం అంతకంటే ఇష్టం లేదు. పద" అంది.

నాన్న ఆటోలో మానిటర్ నేను పట్టుకున్నాను. సీపీయూ డబ్బాను ఓనరమ్మ ఒళ్లో పెట్టుకుని, గుంతల దగ్గర చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా అదిమి పట్టుకుంది. టెంటు నిండా జనం. పగలంతా నిరాహారంగా కూర్చున్నవాళ్లు దండలతో ముందు వరసలో ఉన్నారు. మేం దిగి వైర్లు కలుపుతుంటే ఆమె నాతో అంటున్న మాటల యాస ఒక కుర్రాడి చెవిన పడింది. "గీమె ఆంధ్రామె గదా? ఈమెకు ఈడేం పని?" అన్నాడు గట్టిగానే.

ఓనరమ్మ చేతిలో వైరు అలాగే ఉండిపోయింది. ఆమె ముఖం చూసి నాకు భయమేసింది. ఆ రోజు పైపు కింద పడేసినప్పటి ముఖమే అది. నేను ఏదో అనబోయాను. ఈలోగా అమ్మ జనంలోంచి లేచి వచ్చింది. అమ్మ చెప్పినా ఎవరికీ వినపడదు. అందుకని ఏమీ చెప్పలేదు. ఓనరమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ముందు వరసలో చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ చెయ్యి వదల్లేదు.

యాదన్న మైకు పక్కకు పెట్టి ఆ కుర్రాడితో అన్నాడు. "అక్క పక్కన కూసున్నదంటె అక్క చుట్టమే, మన చుట్టమే. ఇంగ నువ్వొచ్చి గా వైరు కదలకుండ పట్టుకో." జనం గొల్లున నవ్వారు. ఆ కుర్రాడు సిగ్గుపడి వచ్చి వైరు పట్టుకున్నాడు.

నేను డిస్కు పెట్టాను. తెర మీద అమ్మ వచ్చింది, కొంగు నడుముకు చెక్కుకుని.

"కాలువొచ్చె కాలువొచ్చె అన్నరే పిల్లా,
కాలన్న తడువదాయె ఇంకనూ పిల్లా..."

యాదన్న తెచ్చిన పెద్ద స్పీకర్లలోంచి ఆ గొంతు చౌరస్తా మొత్తం నిండింది. రోడ్డు అవతల నడిచిపోతున్నవాళ్లు ఆగారు. మేడల మీదికి మనుషులు వచ్చారు. రెండో చరణానికి టెంటులో ఎవరో ఆడమనిషి "ఇంకనూ పిల్లా" అని అందుకుంది. మూడో చరణానికి అందరూ అందుకున్నారు. అప్పుడు అమ్మ లేచి నిలబడింది. జనం వైపు తిరిగి, చెయ్యి పైకెత్తి తాళం వేసింది. ఆమె చెయ్యి లేస్తే జనం గొంతెత్తారు, చెయ్యి దించితే ఆపారు. తెర మీద పాడుతున్నదీ అమ్మే, ఇక్కడ పాడిస్తున్నదీ అమ్మే. ఆ మధ్యలో ఒకసారి ఓనరమ్మ వైపు చూశాను. తల ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని, చెవి అంతా స్పీకరు వైపు పెట్టి ఉంది. వరస తిరిగి వచ్చినప్పుడు ఆమె పెదాలు కూడా కదిలాయి.

పాట అయిపోయింది. "ఇంకోసారి! ఇంకోసారి!" అని అరిచారు. మళ్లీ వేశాం. మళ్లీ అడిగారు, మళ్లీ వేశాం. ఎన్నిసార్లు వేసినా ఒక్క తడబాటు లేకుండా ఆడింది నా పాత కంప్యూటర్.

దీక్ష ముగించే వేళ అయింది. కూర్చున్నవాళ్లకు నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేయడానికి రోజూ ఎవరో ఒక పెద్దమనిషిని పిలుస్తారు. ఆ రోజుకు అనుకున్న ఆయన బంద్ వల్ల రాలేకపోయాడు. యాదన్న గ్లాసుల పళ్లెం తెచ్చి ఓనరమ్మ ముందు నిలబడ్డాడు. "అమ్మా, ఇయ్యాల నీ చేతులతోని ఇయ్యి" అన్నాడు.

"నేనా?" అంది ఆమె. అమ్మ వైపు చూసింది. అమ్మ నవ్వుతూ ఆమె మోచేతి కింద చెయ్యి వేసి లేపింది. ఓనరమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని ఒక్కొక్కరి దగ్గరా వంగి గ్లాసు అందించింది. "మెల్లగా తాగు నాయనా, ఖాళీ కడుపు" అని కృష్ణా జిల్లా మాటలో ఒక్కొక్కరికీ చెప్పింది. వాళ్లంతా తాగారు. ఒకాయన గ్లాసు తిరిగి ఇస్తూ ఆమె కాళ్లకు దండం పెట్టబోతే, "లే లే, నీరసంలో పడతావు" అని కసిరింది.

తెలంగాణ వచ్చిన రోజు వీధంతా రంగులు చల్లుకుంటుంటే ఓనరమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఆంటీ, మీరు ఊరికి పోతారా ఏంది ఇంక?" అని ఎవరో అడిగారు. "ఎందుకు పోతాను? మీ రాష్ట్రం నా ఇష్టం లేకుండా వచ్చిందేమో గానీ, నా చేతి నిమ్మరసం తాగి వచ్చింది" అంది. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు చెప్పించుకున్నామో. ప్రతిసారీ మొదటిసారి చెప్పినట్టే నవ్వేది.

నేను రిసెప్షన్ ఉద్యోగం మానేసి హార్డ్‌వేర్ కోర్సులో చేరడానికి ఆ బంద్ రోజే కారణం. కోర్సులో ఒకసారి, డీవీడీ ఆడించడానికి వేరే కార్డు కావాలా వద్దా అని సారు అడిగితే సగం మంది కావాలన్నారు, సగం మంది వద్దన్నారు. నేను లేచి, "ముందు ఊరికే కాపీ చేసి చూడాలె సార్" అన్నాను. సారు నన్ను ముందు బెంచీకి రమ్మన్నాడు. ఆ సాయంత్రం వెళ్లి చెబితే ఓనరమ్మ వీధి వీధంతా వినపడేలా ఆ కథ అందరికీ చెప్పింది, అవార్డేదో తనకే వచ్చినట్టు. ఇప్పుడు నా ల్యాబులో డీవీడీలు లేవు, ఆ డ్రైవులూ లేవు. అయినా ఏ పిల్లవాడు వచ్చి "టీచర్, ఇది ఖరాబైంది" అన్నా, ఎక్కడ తెగిందో చూసి రమ్మనే పంపిస్తాను.

తర్వాత మేం అల్మాస్‌గూడలో చిన్న ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాం. గృహప్రవేశానికి ఆమె వచ్చి, పాలు పొంగేలోపే వైరింగు బోర్డు మూత తీయించి చూసి, ఎలక్ట్రీషియన్‌ను రెండు చీవాట్లు పెట్టింది. పండగలకు మేం అక్కడికి, ఆమె ఇక్కడికి. అమ్మ గొంతు కొంచెం బాగైంది గానీ పాట తిరిగి రాలేదు. దాని గురించి అమ్మకు దిగులు పోయింది. ఇంటికి ఎవరొచ్చినా ఆ డిస్కులోంచి తీసిన పాట ఫోన్లో పెట్టి వినిపిస్తుంది, తాను తాళం వేస్తూ.

ఆమె దహనానికి కాలనీ అంతా వచ్చింది. విజయవాడ నుంచి తమ్ముడు వచ్చాడు. పాడె ఒక పక్క ఆయన, ఇంకో పక్క యాదన్న పట్టారు. ఆమె ఊరి వాళ్లూ మా ఊరి వాళ్లూ కలిసి ఆమె గురించి చెప్పుకుంటూ ఉంటే, ఏడుపు కన్నా నవ్వే ఎక్కువ వినిపించింది. ఆమె చీవాట్లు తినని వాళ్లు అక్కడ ఒక్కరూ లేరు.

నాకు మాత్రం ఆమె అనగానే ఇంకో రోజు కళ్లముందుకు వస్తుంది. ఎల్బీనగర్ మెట్రో మొదలైన కొత్తలో, ఎక్కి చూడాలని ఆమె ఒకటే గొడవ. ఎక్కడికని అడిగితే "ఎక్కడికైతే ఏం, మూసారాంబాగ్ దాకా పోయి వద్దాం" అంది. అమ్మా, నేనూ, ఆమే ఎక్కాం. సీటు ఖాళీ ఉన్నా కూర్చోలేదు. రైలు కదలగానే అద్దానికి నుదురు ఆనించి, కింద వెనక్కి పోతున్న డాబాలను వేలితో ఒక్కొక్కటే తాకుతూ వెతికింది. ఒక్కసారిగా, "అదిగో! అదిగో మన డాబా!" అని అరిచింది. పెట్టెలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి, ఎవరిదో తెలియకపోయినా, ఆ వైపు చూశారు. "ఏదక్కా?" అని అమ్మ కూడా వెళ్లి ఆమె పక్కన అద్దానికి నుదురు ఆనించింది. మలుపులో ఎండ వాళ్లిద్దరి ముఖాల మీదా పడింది. కింద ఎక్కడో ఆ మేడ మీద, ఎవరో ఆరేసిన చీర గాలికి పెద్దగా లేచింది.